ఉప్పెనయు నమ్మికయు

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేది ఆదివారము. ఆ దినమున ఆరాధనకు పోవలసిన మన విద్యార్థుల కుటుంబములలో అనేకములు మేడలమీదను డాబాలమీదను నిలిచి పడవలకొరకు ఎదురుచూచుచుండెను. సింగునగరు, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము, వాంబే కాలనీ మొదలగు పేటలలో మోకాటిలోతున మొదలైన నీరు చూచుచుండగానే మనిషిలోతునకు పెరిగెను. మైలవరము ఆవలి కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరు సామాన్య దినములలో ఎవరును లెక్కచేయని యేరు. వరదకాలమున దాని నీటిని వెలగలేరు దగ్గర మరల్చి కృష్ణలోనికి పంపుటకు కాలువయున్నది. కాని ఆ దినములలో కృష్ణయే నిండి ప్రవహించుచుండెను. కట్టలు తెగెను, నీరు నగరముమీదికి తిరిగెను. మరుసటి దినమున ప్రకాశము బరాజు మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోయెను. 1957లో ఆ బరాజు పూర్తియైనది మొదలు అంత నీరు దానిని దాటి పోయినట్లు లెక్కలలో లేదు.

పాఠశాల తిరిగి తెరచిన తరువాత మొదటి బైబిలు తరగతిలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి నిలువబడి, “మాస్టారూ, ఆ రాత్రి మా నాయనమ్మయు నేనును మోకాళ్లమీద నుండి ప్రార్థన చేసితిమి. నీళ్లు మొదటి మెట్టు ఎక్కినవి, రెండవ మెట్టు ఎక్కినవి, మంచమును ముంచినవి. దేవుడు మా మాట వినలేదా?” అని అడిగెను. ఆ తరగతి చెప్పుచున్నది మేమే. ఏమియు ఆలోచింపక, “అంతయు మన మేలుకొరకే జరుగునమ్మా, కూర్చుండుము” అంటిమి. ఆమె కూర్చుండెను. మరల ఆ సంగతి ఎత్తలేదు. పిల్లలు జవాబు దొరికినప్పుడొక విధముగా కూర్చుందురు. ఇక్కడ జవాబు దొరకదని తెలిసికొన్నప్పుడు మరియొక విధముగా కూర్చుందురు. చాల యేండ్లుగా పాఠములు చెప్పుకొనుచున్న మాకు ఆ భేదము తెలియును. ఈ వ్యాసము ఆ బాలికకు మేము బాకీపడియున్న జవాబు. ఇది ఆమెకొక్కతెకే కాక, ఆ వరదలో పుస్తకములును బియ్యపు డబ్బాలును కుట్టు మిషనులును పోగొట్టుకొనిన తలిదండ్రులకును పనికివచ్చునేమో యని పత్రికలో వ్రాయుచున్నాము.

మొదట ఒక పొరపాటును చెప్పవలసియున్నది. మనలో పలువురు నమ్మికను ఒక ఒప్పందము వంటిదిగా తలంచుచున్నాము. మనము ప్రార్థన చేయుదుము, ఆదివారము తప్పక పోవుదుము, కానుక వేయుదుము. దానికి బదులుగా దేవుడు మన గడపను కాపాడవలెను. ఇట్లని ఎవరును నోట పలుకరు గాని మనస్సులో వ్రాసికొనియుందురు. ఆ నెలలోనే జరిగిన ఒక కూటములో ఒక సోదరుడు లేచి, నీరు తమ వీధి మొగవరకు వచ్చి ఆగిపోయినదనియు, దేవుడు తన బిడ్డలను మరువలేదనియు సాక్ష్యము చెప్పెను. ఆయన కృతజ్ఞత నిజమైనదే, దానిని తప్పుపట్టము. కాని ఆయన వెనుక బల్లమీద ఇల్లు పూర్తిగా మునిగిన తల్లి యొకతె ఒడిలో బిడ్డను పెట్టుకొని వినుచుండెను. ఆయన వీధి మొగవద్ద నీరు ఆగుట దేవుడు జ్ఞాపకముంచుకొనుటయైతే, ఆమె యింటిలోనికి నీరు వచ్చుట ఏమగును? ఆ తల్లి ఏమియు అనలేదు. మాకు మాత్రము ఆ సాక్ష్యము ముగియువరకు తలయెత్తి చూచుట కష్టమయ్యెను.

ఈ ప్రశ్న మన కృష్ణా ప్రాంతమునకు క్రొత్తది కాదు. దీనికంటె నూటయరువది యేండ్ల ముందు, మన నగరమునకు సుమారు డెబ్బది కిలోమీటర్ల దూరముననున్న మచిలీపట్టణములో ఇదే ప్రశ్న మరింత ఘోరముగా పుట్టెను. ఆ కథ మన విద్యార్థులలో కొందరికే తెలియును గనుక కొంచెము విపులముగా చెప్పుదుము.

1841లో రాబర్టు నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్సు అను ఇద్దరు మిషనెరీలు ఇంగ్లండునుండి బందరు చేరిరి. నోబుల్ గారు పాఠశాలను, ఫాక్సు గారు ఊరూర సువార్త చెప్పుపనిని చేపట్టిరి. ఫాక్సు గారి కథ చిన్నది. 1845లో భార్యాబిడ్డలతో స్వదేశమునకు ప్రయాణమై మద్రాసు చేరిరి. అక్కడ ఓడమీదనే భార్యయు, ఒక బిడ్డయు మరణించిరి. మిగిలిన బిడ్డలను ఇంగ్లండులో విడిచి ఆయన తిరిగి బందరు వచ్చెను. ఆరోగ్యము చెడి మరల పోవలసివచ్చి, 1848 అక్టోబరులో ముప్పది యొకటవ యేట చనిపోయెను. నోబుల్ గారు ఒంటరిగా మిగిలిరి. ఆయన 1843లో పెట్టిన పాఠశాల మెల్లగా పెరిగెను. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరివారు తమ పిల్లలను మాన్పించుటచే అది దాదాపు శూన్యమయ్యెను. మరల మొదటినుండి పిల్లలను కూడబెట్టుకొనవలసివచ్చెను. ఆయన ఆ పట్టణమును విడిచి ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు. అదే పట్టణములో షార్కీ గారు అను మిషనెరీయు ఆయన భార్యయు బాలికలకొరకు ఒక బోర్డింగు పాఠశాలను నడుపుచుండిరి. ఆడపిల్లలకు చదువెందుకని ఇరుగుపొరుగు నవ్వు కాలమున ఆ దొరసానిగారు పల్లెలనుండి పిల్లలను తెచ్చి, చదువును కుట్టుపనిని నేర్పి, తన యింటిబిడ్డలవలె పెంచుచుండెను.

1864 నవంబరు 1వ తేది. సంఘపు పంచాంగములో అది సకల పరిశుద్ధుల దినము. ఆ రాత్రి తుపాను గాలితోకూడ సముద్రము లేచి వచ్చెను. మామూలు పోటుమట్టముకంటె 13 అడుగుల యెత్తున వచ్చిన ఆ అల సుమారు 80 మైళ్ల తీరమును ముంచి, సాధారణముగా 9 మైళ్లవరకును, కొన్ని తావులలో 17 మైళ్లవరకును లోపలికి చొచ్చుకొనివచ్చెను. చీకటిలో నీరు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకును వ్యవధి లేకపోయెను. ఆ ఒక్క రాత్రి మరణించినవారు సుమారు 30,000 మంది యని ప్రభుత్వపు గ్రంథములలో వ్రాయబడినది. తెల్లవారిన తరువాత బ్రదికియున్నవారికి త్రాగుటకు నీరులేదు, నూతులలోను చెరువులలోను ఉప్పునీరే. శవములను పాతుటకు చేతులు చాలలేదు.

షార్కీ దొరసానిగారి పాఠశాలలోని బాలికలలో ముప్పదిమందికి పైబడి ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి.

ఇక్కడ చదువరులు కొంచెము ఆగవలెనని కోరుచున్నాము. ఆ బాలికలు ప్రార్థన నేర్వనివారు కారు. ఉదయ సాయంకాలములయందు మోకాళ్లూనిన పిల్లలు. ఆ రాత్రియు ప్రార్థించియే యుందురు. అట్టి పెంపకములోని పిల్లలు అట్టి రాత్రి మరేమి చేయుదురు? నమ్మికగలవారి యింటికి నీరు రాదని ఎవరైన చెప్పదలచినచో, ఆ మాటను ఆ బాలికలను తలంచుకొని చెప్పవలెను. వారి నమ్మిక చాలలేదని చెప్పగలరా? లేక అది వారి మేలుకేనని, మేము మా తరగతిలో చెప్పినట్లు, ఆ దొరసానిగారి యెదుట చెప్పగలరా? మేము చెప్పలేము. ఆ మాట నోటివరకు వచ్చినను పెదవి దాటదు. పిల్లయొకతె మా యెదుట నిలిచి అడిగినప్పుడు మాత్రము అది సులభముగా దాటెను. ఏలయన ఆమె నష్టము మా నష్టము కాదు.

వేదము ఈ విషయములో మనకంటె నిజాయితీగా మాటలాడుచున్నది. యెరూషలేములో సిలోయము దగ్గర గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిరి. వారు మిగిలినవారికంటె పాపులా యను తలంపు జనుల మనస్సులో నుండగా, ప్రభువు దానిని తానే పైకి తీసి, కాదని స్పష్టముగా త్రోసివేసెను. ఎందుకు కూలినదో మాత్రము చెప్పలేదు. యోబు గ్రంథమునైతే తెరచినకొలది ఆశ్చర్యము. అతని స్నేహితులు మువ్వురు వచ్చి, ఏడు దినములు నోరు విప్పక అతనితోకూడ నేలమీద కూర్చుండిరి. వారు చేసిన మంచిపని యదే. నోరు విప్పినది మొదలు దేవుని పక్షమున వాదించుచు, నీవు ఏదో తప్పు చేసియుందువని చెప్పసాగిరి. యోబు మాత్రము ఏడ్చెను, కోపించెను, తాను పుట్టిన దినమును శపించెను, దేవునితోనే వ్యాజ్యెమాడెదనని పట్టుపట్టెను. కడపట దేవుడు ఎవరిమీద కోపించెను? తన పక్షమున చక్కగా వాదించిన స్నేహితులమీద. వారికొరకు ప్రార్థనచేయవలసినవాడు యోబు. మేము ఆ స్నేహితుల బల్లమీద కూర్చుంటిమని తెలిసికొనుటకు మాకు కొన్ని వారములు పట్టెను.

కావున నమ్మిక యనగా బాధలేనట్లు నటించుట కాదు. కీర్తనల గ్రంథములో స్తోత్రములతోకూడ మొరలును ఫిర్యాదులును ఎన్నియో యున్నవి. మన కూటములలో మొదటివానినే తరచుగా పాడుదుము. సిలువమీద ప్రభువు పలికిన మాటలలో ఒకటి అట్టి మొరపెట్టు కీర్తన యొక్క మొదటి మాటయే. తాను విడువబడితినని దేవునినే అడిగెను. అడిగినది మాత్రము దేవునినే. బాధలో దేవునితో మాటలాడుట మానినవాడు వేరు, దేవునితోనే పోట్లాడువాడు వేరు. రెండవవాని నమ్మిక పోలేదు; గాయపడి, తలుపు తట్టుచునే యున్నది.

ఇంకొక తప్పును కూడ దిద్దుకొనవలెను. దేవుడు చూచుకొనునని చేతులు ముడుచుకొని కూర్చుండుట నమ్మిక కాదు. దానికి మన ఊళ్లలో నుదుటివ్రాత యను పేరు ముందే యున్నది. దేవాలయ శిఖరమునుండి దూకుము, దేవదూతలు ఎత్తుకొందురని శోధకుడు చెప్పినప్పుడు ప్రభువు దూకలేదు. పౌలు ఎక్కిన ఓడ పదునాలుగు దినములు పెనుగాలిలో కొట్టుకొనిపోయినప్పుడు, ఎవరి ప్రాణమునకును హాని కలుగదని ఆయనకు దేవుని మాట దొరికెను. ఆ మాట దొరికినవాడు పండుకొని నిద్రింపలేదు. నావికులు చిన్న పడవలో దొంగతనముగా పారిపోబోవుట కనిపెట్టి శతాధిపతికి చెప్పెను. అందరును అన్నము తినవలెనని బలవంతపెట్టి తానే మొదట తినెను. ఓడ తేలికయగుటకు గోధుమలను సముద్రములో పారబోసిరి. ఓడ బద్దలయ్యెను, 276 మందియు కొందరు ఈదియు, కొందరు పలకలు పట్టుకొనియు గట్టెక్కిరి. గట్టెక్కిన పిమ్మట ఆ పౌలే చలిమంటకు పుల్లలు ఏరుచుండెను. ఈ పుల్లల సంగతి మాకు మిక్కిలి యిష్టము.

మన తీరములో దీనికి తగిన నిదర్శనము ఉన్నది. 1864లో అక్టోబరున కలకత్తాను, నవంబరున బందరును తుపానులు నాశనముచేసిన తరువాత, గాలివానలను ముందుగా కనిపెట్టు ఏర్పాటు దేశమంతటికి కావలెనని ఆందోళన పుట్టెను. 1875లో వాతావరణ శాఖ ఏర్పడెను. అయినను హెచ్చరిక గుడిసెవరకు చేరుటకు ఇంకను నూరేండ్లు చాలలేదు. 1977 నవంబరు 19వ తేది దివిసీమమీద ఉప్పెన పడినప్పుడు సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు ఊళ్లలో ఇంటికి ఇల్లు తుడిచిపెట్టుకొనిపోయెను. ప్రభుత్వపు లెక్కప్రకారము సుమారు 10,000 మంది చనిపోయిరి. అంతకంటె చాల యెక్కువమందియని అక్కడివారు చెప్పుదురు. అప్పుడు మంత్రిగానున్న అవనిగడ్డవాస్తవ్యులు మండలి వెంకటకృష్ణారావు గారు తమ సీమను లేవనెత్తు పనిలో మునిగిరి. మదర్ తెరీసాయు వచ్చి చూచి, ఆమె కన్యకలు సేవచేసిరి. ఆ దినములలో సేవకు వచ్చినవారిలో అన్ని మతములవారును, ఏ మతమును లేదనువారును ఉండిరి. తరువాతి యేండ్లలో తీరమంతట గట్టి తుపాను ఆశ్రయ భవనములు లేచినవి. ప్రభుత్వమును, క్రైస్తవ సంఘముల సహాయ సంస్థలును, ఇతరులును కట్టించిరి. వానిలో కొన్ని సామాన్య దినములలో పిల్లల బడులు. 1990 మే నెలలో అంతటి బలముగల తుపానే కృష్ణ ముఖద్వారము దగ్గర తీరము దాటెను. ఈసారి లక్షలకొలది జనులను ముందుగనే తరలించియుండిరి. చనిపోయినవారు వేయిమందిలోపు. వేయి యనునది చిన్న సంఖ్య కాదు. ఒక్కొక్కరు ఒక్కొక యింటివారు. అయినను పదివేలకును దీనికిని నడుమనున్న వేలకొలది ప్రాణములు హెచ్చరిక చేరుటవలనను, నడచి పోవుటకు ఒక గట్టి కప్పు ఉండుటవలనను దక్కినవి. ఆ కప్పు కట్టినవాడు ఇటుక వెంబడి ఇటుక పేర్చునప్పుడు ప్రార్థన చేసెనో లేదో మాకు తెలియదు. ఎన్ని ప్రార్థనలకు అది జవాబయ్యెనో మాత్రము ఊహింపవచ్చును.

దీనివలన 1864నాటి బాలికల ప్రశ్న తీరిపోయినదని చెప్పుట లేదు. అది తీరలేదు. ఎందుకు అను ప్రశ్నకు మా యొద్ద జవాబు లేదు, ఉన్నదని చెప్పినప్పుడే మేము తప్పుచేసితిమి. నోబుల్ గారికిని ఆ జవాబు దొరికినట్లు మేమెరుగము. ఉప్పెన తరువాత ఆయన ఒక సంవత్సరమైనను పూర్తిగా బ్రదుకలేదు. 1865 అక్టోబరు 17వ తేదిని బందరులోనే చనిపోయెను. పాఠశాలయెడల ఆయన పెట్టుకొనిన ఆశలలో ఎన్ని నెరవేరెనో ఆయన చూడలేదు. ఆయన పేరిట ఆ విద్యాలయము నేటికిని ఆ పట్టణములో నిలిచియున్నది. అందులో చదివినవారు మన జిల్లాలో ప్రతి వీధిలో నుందురు. ఓడమీద తల్లిని పోగొట్టుకొనిన ఫాక్సు గారి కుమారుడు, బందరులోనే పుట్టినవాడు, పెద్దవాడై ఆ మిషను సంఘమునకే ప్రధాన కార్యదర్శి అయ్యెను. ఇవి మరణములకు వెలగట్టి ఇచ్చిన పరిహారములు కావు. అట్లు లెక్కవేయుట మాకు ఇష్టము లేదు. నీరు తీసిన మరునాడు బురదలో దిగి, పని యెక్కడ ఆగెనో అక్కడ మరల మొదలుపెట్టినవారు ఉండిరనుట మాత్రమే మేము చూపగలిగినది. జవాబు లేకయే వారు మొదలుపెట్టిరి.

మొన్న దసరా సెలవులలో మేము ఆ బాలిక యింటికి పోతిమి. గోడమీద మా భుజముకంటె పైన నీటి మరక గీతవలె ఉన్నది. సున్నము వేసినను కనబడుచునే యున్నది. “నేను ఆ దినము చెప్పినది సరికాదమ్మా. నీ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. నీవు అడుగుట తప్పుకాదు” అని చెప్పితిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, “మూడవ దినమున పడవ వచ్చినది మాస్టారూ. పడవలో నున్న అన్న మా నాయనమ్మను చంటిబిడ్డనువలె ఎత్తి దింపెను. ఆయన పేరైనను అడుగలేదు” అనెను. ఆ అన్న ఎవరో, ఏ ఊరివాడో, ఏ దేవుని కొలుచువాడో ఆమెకు తెలియదు.

నాయనమ్మ లోపలినుండి మజ్జిగ తెచ్చియిచ్చి, వరదలో తడిసిన తన బైబిలును చూపెను. నీరు తీసిన తరువాత దానిని మంచముమీద ఎండలో పెట్టి, అంటుకొనిన ఆకులను చీపురుపుల్లతో ఒక్కొక్కటిగా విడదీసెనట. అది నాలుగు దినముల పని. “విడదీయుచు ఆయనను నోరార తిట్టితిని మాస్టారూ” అని ఆమె చెప్పెను. “సాయంకాలము దీపము పెట్టినాక మరల ఆయనతోనే చెప్పుకొంటిని. మరి యెవరితో చెప్పుకొందును?” ఆ పుస్తకము ఉబ్బిపోయినది, ఇక మూతపడదు. కిటికీ దగ్గర సగము తెరచుకొని యున్నది.